గుడ్డ దీపం

పిల్లలూ! ఫ్లాష్ వెలిగించి ఫోటో తీస్తే, ముఖం తెల్లగా పాలిపోయి, వెనక గోడమీద నల్లని నీడ పడటం మీరు చూసే ఉంటారు. ఫ్లాష్ దీపం చాలా చిన్నది. వెలుగంతా ఒక్క చోటినుంచే వస్తుంది గనక, అది చేరనిచోట చీకటే.

ఒక ప్రయోగం చేయండి. చీకటి గదిలో నాన్నగారి సెల్‌ఫోన్ టార్చి వెలిగించి, గోడముందు చెయ్యి పెట్టండి. నీడ అంచులు కత్తితో కోసినట్టుంటాయి. ఇప్పుడు టార్చికి జానెడు దూరంలో పలచని తెల్లగుడ్డ పట్టుకోండి. వెలుగు గుడ్డమీద పరుచుకుని, గుడ్డే పెద్ద దీపమవుతుంది! దాని నలుమూలలనుంచీ వచ్చే వెలుగు నీడ అంచుల్లోకి దూరి, వాటిని మెత్తబరుస్తుంది. అదే గుడ్డను టార్చికి ఆనించి పెడితే, వెలుగు తగ్గుతుందేగాని నీడ అంతగా మెత్తబడదు. దీపం పెద్దది కాలేదు గదా!

1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ చిత్రం ‘అపరాజితో’ కోసం కాశీలోని మండువా ఇంటిని కలకత్తా స్టూడియోలో కట్టారు. మండువాలోకి ఆకాశపు వెలుగు దిగాలి, స్టూడియోలో ఆకాశమేదీ? ఛాయాగ్రాహకుడు సుబ్రత మిత్ర పైన తెల్లగుడ్డ పరిపించి, దీపాలను కిందినుంచి దానిమీదికి తిప్పాడు. గుడ్డమీద పడి తిరిగివచ్చిన వెలుగు అచ్చం ఆకాశపు వెలుగల్లే ఉంది!

మరి, మబ్బుపట్టిన రోజున మన నీడలు ఏమవుతాయో, ఎందుకో, మీరే చెప్పండి.