స్టాఫ్ రూమ్ దాటి ఒక పూట

"మీరు పిక్నిక్ పోతే మా పిల్లోళ్ల క్లాసులు ఏం గావాల మేడం?" పోయిన పేరెంట్స్ మీటింగ్‌లో ఒక తండ్రి నన్ను అడిగారు. ఫీజు కట్టేవారు అడగాల్సిన ప్రశ్నే. నేను చూసింది చెబుతాను.

ఆ శనివారం మధ్యాహ్నం తొమ్మిది మంది టీచర్లం ఓర్వకల్లు రాక్ గార్డెన్‌కు వెళ్లాం. కర్నూలు–నంద్యాల రోడ్డు మీద రోజూ దాని ముందు నుంచే బస్సులో పోతాం. అందరం కలిసి ఆగింది మాత్రం అదే మొదటిసారి.

నీళ్ల పక్కన రాళ్ల నీడలో టిఫిన్ బాక్సులు విప్పాం. మాటల్లో మ్యాథ్స్ సార్ ఆరో తరగతి అమ్మాయి సంగతి ఎత్తారు. ఎక్కాలు తప్పు లేకుండా చెబుతుంది, వర్డ్ ప్రాబ్లమ్ ఇస్తే మాత్రం ఖాళీగా వదిలేస్తుంది. సైన్స్ మేడం వెంటనే "నా పేపర్లో పెద్ద ప్రశ్నలన్నీ వదిలేస్తుంది" అన్నారు. నా ఇంగ్లిష్ క్లాసులో ఆ అమ్మాయి గడగడా చదువుతుంది. అప్పుడు తట్టింది: చదువుతోంది గానీ అర్థం కావడం లేదు. మూడు నెలలుగా ముగ్గురం ఎవరికి వారే వర్క్‌షీట్లు ఇస్తూ పోయాం!

స్టాఫ్ రూమ్‌లో మావి పక్కపక్క కుర్చీలే. కానీ ముందు కరెక్షన్ నోటుబుక్కులు, నెత్తి మీద బెల్లు. అక్కడ సిలబస్ గురించి మాట్లాడుకుంటాం, పిల్లల గురించి మాట్లాడే తీరిక దొరకదు.

విరామం సోమరితనం కాదని చట్టానికీ తెలుసు. అరగంట విశ్రాంతి ఇవ్వకుండా కార్మికులతో వరుసగా 5 గంటలకు మించి పని చేయించరాదని 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టం టీచర్ల వారపు 45 గంటల్లో పాఠం సిద్ధం చేసుకునే సమయాన్నీ కలిపింది. చోటు మారితే చూపు మారుతుందనడానికి మన ఊరి పొదుపు సంఘాలే సాక్ష్యం. వేరే ప్రాంతాల మహిళలు తమ ఊళ్లు వదిలి ఇక్కడికి వచ్చి, ఈ అక్కల పక్కన కూర్చుని పని నేర్చుకుని వెళ్లారు.

అలాగని ప్రతి విహారమూ విరామం కాదు. మైకు పెట్టి బలవంతంగా ఆటలాడించి, మధ్యలో మార్కుల లిస్టు అడిగితే అది ఎండలో పెట్టిన స్టాఫ్ మీటింగే. టర్ముకు ఒక పూట చాలు. తేదీ మీకు ముందే తెలియాలి, పోయిన పీరియడ్లు మేము తిరిగి చెప్పాలి. ఆ పూట క్లాస్ గ్రూపులో హోంవర్క్ ప్రశ్నలు పెట్టకుండా ఉంటే మీరు చేసే సాయం అదే.

సోమవారం నుంచి మ్యాథ్స్ సార్ ఆ అమ్మాయితో లెక్కను ముందు తెలుగులో చెప్పించుకుంటున్నారు. అన్నీ కరెక్టు రావడం లేదు. కానీ ఇప్పుడు పేజీ ఖాళీగా ఉండటం లేదు.