శేషుడి నడుము దగ్గరి రాయి

మా తిరుపతి పాత ఇళ్లలో ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా పరవకుండా కడప బండ మీదే పడుకునేవాళ్లం. మొన్న ఇల్లు బాగుచేయిస్తుంటే మేస్త్రీ ఆ బండలన్నీ తీసేసి టైల్స్ వేద్దామన్నాడు. అప్పటిదాకా అవి ఎక్కడినుంచి వచ్చాయో నేనూ ఆలోచించలేదు.

పేరు కడపదైనా ఈ రాయి బేతంచెర్ల, కొలిమిగుండ్ల, తాడిపత్రి నేలల్లోనూ దొరుకుతుంది. అక్కడ దీన్ని నాపరాయి అంటారు. ఆదిశేషుడి పడగలు తిరుమలలో, నడుము అహోబిలంలో, తోక శ్రీశైలంలో అని పెద్దల మాట. ఆ నడుముకు పడమటి పక్కన, కుందూ నది పరిసరాల్లో పరుచుకున్న సున్నపురాయి ఇది. తిరుమల కొండ మీది శిలాతోరణం రాయీ, ఈ నాపరాయీ ఒకే కడప బేసిన్ బిడ్డలు. వయసులో కొండ రాయి పెద్దది, నాపరాయి చిన్నది. 1872లో విలియం కింగ్ ఈ పొరల మీద గ్రంథం రాస్తూ, ఒక రకానికి నార్జి అనే పల్లె పేరే పెట్టాడు. కొలిమిగుండ్ల దగ్గర నీళ్లు ఇదే రాతిని తొలిచి 3,229 మీటర్ల బెలుం గుహలు చేశాయి.

ఆ పల్లెల్లో గోడా బండే, మిద్దె కప్పూ బండే, దొడ్డి చుట్టూ నిలబెట్టిన కంచె కూడా బండే. రాయి కొట్టడం తరతరాలుగా వడ్డెరల బతుకు. మందు పెట్టి పేలిస్తే నాపరాయి ముక్కలైపోతుంది. పొర ఎక్కడ విడుతుందో చూసి, సందులో ఉలి దిగ్గొట్టి, గడ్డపారతో మెల్లగా లేపాలి. తొందరపడితే పలక విరుగుతుంది, ఆ పూట కూలి పోతుంది. ఇది ఒట్టి మోటు పని కాదు, విద్య. కోత యంత్రాలు వచ్చాక కూడా పొరను చదివే కన్ను మనిషిదే.

ఇప్పుడు ఆ విద్యకు గిరాకీ తగ్గింది. ఇళ్లలోకి టైల్స్ వచ్చాయి. అదే సున్నపురాయిని సిమెంటు ఫ్యాక్టరీలు పిండి చేస్తున్నాయి. సిమెంటుకు మూలమైన క్లింకర్ టన్నుకు దాదాపు టన్నున్నర రాయి కావాలి. సిమెంటు వద్దనను, మా ఇంటి కప్పూ దానితోనే నిలిచింది. నాకు మింగుడుపడనిది మరొకటి. బండల పాలిష్ ఫ్యాక్టరీల బురద, పనికిరాని ముక్కలు రోడ్ల పక్కన గుట్టలు పడుతున్నాయి. అదీ సున్నపురాయే కదా! కొత్త నేల తవ్వే ముందు ఆ గుట్టల్లో పనికొచ్చేదాన్ని సిమెంటు ఫ్యాక్టరీలకు తరలించే ఏర్పాటు ప్రభుత్వం చేయాలి. వదిలేసిన గనుల గుంతలకు ముందు కంచె వేయాలి. పిల్లలూ గొడ్లూ తిరిగే చోట్లవి. తిరుపతిలో కట్టే సత్రాలకు, బడులకు నాపరాయి పరిస్తే ఆ పల్లెల్లో నాలుగు పొయ్యిలు వెలుగుతాయి, యాత్రికుడి కాళ్లూ చల్లబడతాయి.

మేస్త్రీ మాట నేను వినలేదు. అప్పటికే అతను లేపిన బండల్ని కడిగి, తిరిగి అక్కడే పరిపించాను.