ఉక్కు నగరం చుట్టూ గడ్డి గాదెలు

జంషెడ్‌పూర్‌లో ఉక్కు తయారీ 1912లో మొదలైంది. ఆ కర్మాగారాన్ని నమ్ముకుని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. కానీ నగరం దాటి పటమ్దా, పోట్కా వైపు వెళితే ఉక్కు జాడ తగ్గిపోతుంది. వరిగడ్డితో పేనిన మోకును గుండ్రంగా చుట్టి, అందులో ధాన్యం పోసి దాచే పద్ధతి సింగ్‌భూమ్ పల్లెలకు పాతదే. తాతల ఇళ్లలో గాదెలు, పురులు చూసిన సిక్కోలు వాసులకూ అది కొత్త కాదు.

దాచుకోవడమన్నది ఇక్కడ ధరతో ముడిపడిన సమస్య. వరి కోతలు నవంబరులో జోరందుకుంటాయి. సర్కారు కొనుగోళ్లు మొదలయ్యేది సాధారణంగా డిసెంబరులో. ఈలోగా అప్పులవాళ్లు గుమ్మంలో ఉంటారు. ధాన్యం పోసుకునే చోటు లేని రైతు మద్దతు ధర కోసం ఆగలేక దళారికి అమ్మేస్తాడు. నాలుగు వారాలు ఆగగలిగితే చాలు, బేరం మారిపోతుంది.

మరి సైలో కట్టుకుంటే? సహకార రంగంలో 700 లక్షల టన్నుల నిల్వ సామర్థ్యం కల్పించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2023 మే నెలలో ఆమోదం తెలిపాక ఈ మాట ఎక్కువగా వినిపిస్తోంది. పంజాబ్‌లోని మోగాలో, హర్యానాలోని కైథల్‌లో ఆకాశాన్నంటే ఉక్కు సైలోలను చూసినవారికి ఆశ కలగడం సహజం. అయితే అవి గోధుమ సైలోలు. జార్ఖండ్‌లో పండేది వరి. తడి ధాన్యం విషయంలో ఉక్కు ఏమాత్రం దయ చూపదు.

అప్పుడే కోసిన వరిలో తేమ 20 శాతం పైనే ఉంటుంది. ఎనిమిది నుంచి పన్నెండు నెలలు నిల్వ ఉండాలంటే అది 13 శాతానికి మించకూడదు. 17 శాతం వరకూ సర్కారు కొంటుంది కదా అని ఆ ధాన్యాన్నే రేకు డబ్బాలో పోసి మూతపెడితే వేడెక్కి ముక్కిపోతుంది. గడ్డి గోడల గుండా కాస్త గాలి ఆడుతుంది, రేకులో ఆడదు. పైగా ఇక్కడి చలికాలపు రాత్రుల్లో రేకు చల్లబడుతుంది, మధ్యలోని ధాన్యం వెచ్చగానే ఉంటుంది. ఆ తేడాకు తేమ పైకి చేరి, కప్పు కింద నీరుపట్టి, పై పొర గట్టిగా అట్టకడుతుంది. దాన్ని పొడవడానికి లోపలికి దిగిన మనిషి ధాన్యంలో కూరుకుపోయే ప్రమాదముంది. కింద తూము తెరిచి ఉన్నప్పుడు సైలోలోకి ఎవరూ దిగకూడదన్నది అందుకే.

రెండోది కొలత. ఘనపు మీటరుకు వరి ధాన్యం సుమారు 575 కిలోలు తూగుతుంది. మూడు మీటర్ల వ్యాసం, నాలుగు మీటర్ల ఎత్తున్న సైలోలో దాదాపు 16 టన్నులు పడుతుంది. అంత బరువు మోసే పునాది ఒక పక్కకు కుంగితే మొత్తం ఒరుగుతుంది. కాబట్టి వాననీరు నిలిచే పల్లపు చేనులో కాక, మెరకన కట్టాలి. నీళ్ల ట్యాంకు లెక్క దీనికి పనికిరాదు. ధాన్యం బరువులో కొంత రాపిడి వల్ల గోడల మీదే పడుతుందని జర్మన్ ఇంజనీరు జాన్సెన్ 1895లోనే లెక్కగట్టి చూపించాడు. అంటే గోడ పక్కకు తోసే ఒత్తిడినే కాదు, కిందికి లాగే బరువునూ ఓర్చుకోవాలి. సౌకర్యం కోసం ఓ పక్కన తూము పెడితే ఒత్తిడి అసమానమై పల్చటి రేకు సొట్టపోతుంది. తూము అడుగున నడిమధ్యలోనే ఉండాలి.

ఇంతకీ 16 టన్నులు ఎవరి దగ్గరున్నాయి? జార్ఖండ్‌లో ఎక్కువమంది రైతుల కమతం హెక్టారు లోపే. వారిలో ఒక్కొక్కరికీ సైలో అంటే అప్పు మీద అప్పే. ఇంటి తిండిగింజలకు, విత్తనాలకు ఐదు క్వింటాళ్లు పట్టే రేకు డబ్బా చాలు. అది మనిషి భుజమెత్తుకు మించదు. రైతు ఇంటి కోసమే ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ మట్టి ఇటుకల మధ్య పాలిథిన్ పొర పెట్టి పూసా గాదెను రూపొందించింది. అమ్మకానికి ఉంచే ధాన్యానికైతే పది పదిహేను కుటుంబాలు కలిసి ఒక సైలో కట్టుకోవచ్చు. దాని పక్కనే సిమెంటు కళ్లం, తేమ కొలిచే మీటరు ఉండి తీరాలి.

ఖర్చు తగ్గించుకోవాలనుకున్నప్పుడు మొదట కోత పడేది ఆ కళ్లం మీదే. అది లేకుండా కట్టిన సైలో గాదె కింది పందికొక్కు కన్నా ఎక్కువ ధాన్యమే తినేస్తుంది. ఈ ఊళ్లో రేకుకు కొరత లేదు. సహకార సంఘాలు నిధులు అడిగేటప్పుడు కళ్లానికీ మీటరుకూ అయ్యే ఖర్చును ముందు రాసి, సైలో సంగతి ఆ తర్వాత రాస్తే డిసెంబరు దాకా ఆగే శక్తి రైతుకు వస్తుంది.