కోరిన ఛానెలుకే వెల

అరకిలో బెండకాయలు కొనబోయిన వానితో, గుమ్మడికాయయు కాకరకాయలును కూడ కొన్నగాని బెండకాయలీయనని కూరగాయలవాడు చెప్పినచో, అతడు సంచి దులుపుకొని ప్రక్క దుకాణమునకు పోవును. టెలివిజను విషయమున మాత్రము మన గృహస్థులు చిరకాలము ఊరకుండిరి. కేబులువాడు పంపిన ఛానెళ్లన్నియు ఇంటికి వచ్చుచుండెను. చూచినను చూడకున్నను చందా ఒక్కటే. చూడనిదానికి వెల యేల యీయవలెనను ప్రశ్న న్యాయమైనదని మా యభిప్రాయము.

కోరిన పే ఛానెళ్లనే సెట్‌టాప్ పెట్టె ద్వారా పొందు పద్ధతి 2003లో చెన్నపట్టణమునందు మొదలాయెను. 2006వ సంవత్సరాంతమున ఢిల్లీ, ముంబయి, కలకత్తా నగరములలోని కొన్ని భాగములకు వచ్చెను. అప్పుడు పే ఛానెలొక్కటికి నెలకు 5 రూపాయలకు మించి తీసికొనరాదని నియంత్రణ సంస్థయగు ట్రాయ్ కట్టడి చేసెను. దేశమంతటికిని వర్తించు నిబంధనలు 2017 మార్చిలో వెలువడి, న్యాయస్థానములలో నలిగి, 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమ్మతి పొంది, 2019లో ఆచరణలోనికి వచ్చినవి. ప్రతి పే ఛానెలుకును విడివెల ప్రకటింపవలెను. చందాదారుడు కోరినచో దానిని విడిగానే యీయవలెను. వినుటకు ఇంతకంటె ధర్మమేమి కలదు?

అయినను లెక్క వేసి చూతము; మా విద్యార్థులును కాగితము తీసికొందురు గాక. 2019లో మొదటి 100 ఛానెళ్లకు నెట్‌వర్కు రుసుము నెలకు 130 రూపాయల వరకు ఉండెను. ఒక కుటుంబము 19 రూపాయల ఛానెళ్లు నాలుగు మాత్రమే కోరెననుకొందము. అవి 76 రూపాయలు, వెరసి 206. నూటికి 18 వంతున పన్ను చేర్చగా 243 రూపాయల 8 పైసలు. ఒక్క పే ఛానెలును కొనకున్నను, రుసుమును దాని పన్నును కలసి 153 రూపాయల 40 పైసలు తప్పవు. నాలుగు ఛానెళ్లు చాలునన్న కూలివానికి మిగిలినదేమి? 2024 జూలైలో ట్రాయ్ ఈ రుసుముపై హద్దును తొలగించి, పంపిణీదారులే నిర్ణయించి ప్రకటింపవచ్చుననెను. పలువురు పోటీపడు పట్టణమున ఇది చెల్లవచ్చునేమో గాని, ఒక్కడే కేబులువాడున్న పల్లెకు మేలని మేము తలపము. చందా లేని డీడీ ఫ్రీ డిష్ కలదు గదా యందురు. కోరిన పే ఛానెలును అందు ఎంచుకొనుటకు వీలు లేదు.

ఇంతకంటె చిక్కైనది ప్యాకుల బేరము. విడిగా 19 రూపాయల ఛానెలుకు మరి యేడు ఛానెళ్లను చేర్చి 25 రూపాయలకే యిత్తుమనినచో, విడిగా కొనువాడు అవివేకివలె కనబడును. ఎంచుకొను హక్కు చందాదారునిదే. కాని యెంపిక మాత్రము అమ్మువాడు ముందే చేసి పెట్టినాడు. 2017 నాటి నిబంధనలలో ఈ తగ్గింపు నూటికి 15కు మించరాదని యుండెను. మద్రాసు హైకోర్టు 2018లో ఆ యంశమును కొట్టివేసెను. 2022 నవంబరులో ట్రాయ్ 45 వంతుల హద్దు పెట్టెను. అనగా విడివెలల మొత్తము 100 రూపాయలైనచో ప్యాకును 55కు తక్కువగా అమ్మరాదు. ఏ హద్దును లేకుండుటకంటె ఇది మేలే. మా మట్టుకు పాత 15 వంతుల హద్దే సరియైనదిగా తోచుచున్నది.

ప్యాకుల పక్షమువారి మాటయు తోసివేయదగినది కాదు. వార్తాపత్రిక కొనుచు, ఆటల పుట నాకక్కరలేదు, వెల తగ్గింపుమని యెవరును అడుగరు. కొద్దిమందియే చూచు శాస్త్రవిషయక ఛానెలు ప్యాకులో ఒక మూల నుండుటచేతనే బ్రతుకుచుండవచ్చును. విడిగా అమ్మినచో దాని వెల పెరుగునేమో. ఉపాధ్యాయులమగు మాకు ఈ భయము కొంత యెక్కువ. కాని పత్రిక పుటలకు విడివెలలు లేవు. విడివెల ప్రకటించి, దానితో ఎవరును కొనకుండునట్లు చేయుట వేరు సంగతి.

ఇక తల్లిదండ్రులతో ఒక మాట. చాల ఇండ్లలో కేబులు కుఱ్ఱవాడు తొలినాడు చెప్పిన ప్యాకే యేండ్ల తరబడి సాగుచున్నది. తాతగారికి వార్తలు, తల్లికి ధారావాహికలు, అన్నకు క్రికెట్టు. బడిపిల్ల యడిగిన జంతువుల ఛానెలు వచ్చునప్పటికి డబ్బు చాలదనుట వినబడుచుండును. ఆ ప్యాకులోనే యెవరును తెరువని ఛానెళ్లు పదియో పదునైదో యుండును. వచ్చు నెల చందా కట్టుటకు ముందు, మీ పిల్లలచేత ఛానెళ్ల పట్టిక వ్రాయించి, గడచిన నెలలో ఏది యెవరు చూచిరో ప్రక్కన గుర్తు పెట్టింపుడు. గుర్తు లేనివానిని కొట్టివేసి, మిగిలినవానికి విడివెల యెంతయో, ప్యాకు వెల యెంతయో కేబులువానినడుగుడు. విడిగా దొరకవని యతడనినచో వాదింపనక్కరలేదు. ప్రకటించిన వెలల పట్టికను చూపుమనుట చాలును.