గుడ్లు లెక్కబెట్టిన పిల్లలు



పోయిన వారం ఒక ఆడపిల్లల హాస్టల్ బడి వార్షికోత్సవానికి నన్ను పిలిచినారు. మా తొండూరు చుట్టుపక్కల బడే. పేరు రాయను, రాస్తే రేపు ఆ పిల్లల్ని పిలిచి నిలబెడతారు. పదో తరగతి పిల్ల ఒకామె స్టేజీ ఎక్కి విద్యార్థి మండలి రిపోర్టు చదివింది. ఈ సంవత్సరం మేము చేసిన సేవ ఇదీ అని మొదలుపెట్టింది. వేప మొక్కలు నాటినారంట, ఆవరణ ఊడ్చినారంట, అన్నం వడ్డించినారంట, చిన్నపిల్లలకు జడలేసినారంట, అతిథులొస్తే పూలిచ్చినారంట. రెండు పేజీల రిపోర్టులో సేవ అనే మాట 11 సార్లు వచ్చింది. తెలుగులో పిహెచ్‌డీ చేసిన రోగం ఇది, మాటలు లెక్కబెట్టకుండా కూర్చోలేను.

అడిగినాం అనే మాట ఒక్కసారి కూడా రాలేదు.

నేను ఎనిమిదిలో ఉండగా నాకూ ఒక బ్యాడ్జీ పెట్టినారు. క్లాస్ లీడర్ అని రేకు బ్యాడ్జీ, పిన్ను తుప్పు పట్టి ఉండేది. మా అమ్మ చెనిక్కాయలు పెరికే కూలికి పోయిన చోటల్లా చెప్పుకుంది. ఏడాదంతా ఆ లీడర్ చేసిన పని స్టాఫ్‌రూమ్ ఊడ్చడం, డస్టర్లు దులపడం. అదే రూమ్‌లో మూలన తాగే నీళ్ల కుండ ఉండేది. దాన్ని నింపే పని మాత్రం ఇంకో అమ్మాయిది. ఆ పిల్లకు బ్యాడ్జీ లేదు. నాకు లీడర్ పదవి, ఆమెకు కుండ. ఈ రెండిట్లో ఏది పదవో నాకు అర్థం కావడానికి డిగ్రీ దాకా పట్టింది.

సేవ అనే మాటను అందుకే నేను నమ్మను. 1932లో పూనా ఒప్పందం మీద సంతకాలైన వారం లోపే అంటరానితనం పోగొడతామని బొంబాయిలో ఒక సంస్థ పెట్టినారు. బిర్లా అధ్యక్షుడు, ఠక్కర్ బాపా కార్యదర్శి. తర్వాత అదే హరిజన సేవక సంఘం అయింది. దాన్ని నడిపే బోర్డులో మాకు చోటేదని అంటరానివాళ్ళు అడిగితే గాంధీ చెప్పినదాని సారం ఏందంటే, ఇది సవర్ణుల ప్రాయశ్చిత్తం, అప్పు వాళ్ళది కాబట్టి తీర్చేదీ వాళ్ళే. అంబేడ్కర్ 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో ఈ సంగతంతా విప్పి చూపినారు. మన హాస్టళ్ళలో కథ ఇంకో అడుగు ముందుకు పోయింది. సేవ చేసేదీ ఆ పిల్లలే, బోర్డులో చోటు లేనిదీ ఆ పిల్లలే. 2004లో మొదలైన కస్తూర్బా బళ్ళలో 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ ఆడపిల్లలకు, మిగతావి పేదింటి పిల్లలకు. అంటే అట్లాంటి బళ్ళలో చీపురు పట్టుకున్నది ఎవరి పిల్లలో వేరే చెప్పాల్నా?

ఫంక్షన్ అయినాక అన్నం తింటూ ఆ పిల్లను పక్కకు పిలిచి అడిగినా, ఏమ్మా, మీరు ఏదీ అడగలేదా ఈ ఏడాది అని. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, పోయి ఒక పొడుగు నోట్‌బుక్ తెచ్చింది.

అందులో తేదీలు, ఆ రోజు హాజరైన పిల్లలు, వచ్చిన గుడ్లు. ఒక రోజు పిల్లలు 180, గుడ్లు 162. ఇంకో రోజు 178కి 165. అన్నానికి ఆరో తరగతి చివర్న వస్తుంది కాబట్టి గుడ్డు లేనిది ఎప్పుడూ ఆ చిన్నపిల్లలకే. మూడు వారాలు రాసి, తల్లిదండ్రుల మీటింగు రోజు లేచి చదివినారు. దసరా సెలవుల తర్వాత గుడ్లు సరిపోయినాయి. వంటామెను ఎవరూ ఒక మాట అనలేదు, సరుకు వచ్చేటప్పుడే తక్కువ వస్తుందని పిల్లలకు తెలుసు.

ఇంకో పేజీలో న్యాప్‌కిన్లు. స్వేచ్ఛ పథకం 2021లో మొదలైనప్పుడు 7 నుంచి 12 తరగతుల ఆడపిల్లలకు నెలకు 10 అని రాసుకున్నారు. ఆరులోనే పెద్దమనిషైన పిల్ల సంగతేంది? మండలిలో పిల్లలు తలా ఒకటి తీసి ఆ చిన్నపిల్లల కోసం ఒక డబ్బాలో పెట్టినారు. ఏ ఆఫీసర్‌కూ తట్టని లెక్క ఇది.

చివరి పేజీ చదివేటప్పుడు నా చెయ్యి ఆగింది. జూన్ నుంచి ఆగస్టు దాకా బాత్రూమ్ డ్యూటీ ఎవరెవరు చేసినారో వారాల వారీగా ఉంది. అవే అయిదు పేర్లు. ఇంటిపేర్లు చూస్తే ఏ గేరి పిల్లలో నాకు తెలిసిపోయింది.

"వీళ్ళే ఎందుకమ్మా?"

"అలవాటున్న పిల్లలని పెట్టినారంట మేడమ్."

సెప్టెంబర్ నుంచి రోల్ నంబర్ ప్రకారం మార్చినారు, మండలి పిల్లలతో సహా. ఈ పిల్ల ఎస్సీ కాదు. తన వారం వచ్చినప్పుడు తనూ కడిగింది. ఇంటికి పోయి చెప్తే వాళ్ళ జేజి రెండు రోజులు మాట్లాడలేదంట. నవ్వుతూ చెప్పింది.

బాత్రూములు కడగడానికి అసలు జీతమిచ్చి మనిషిని పెట్టాల, అది వేరే పోరాటం. ఊడ్చడం తప్పని కూడా నేను అనను. డ్యూటీ లిస్టు ఎవరు రాస్తారు, అందులో ఎవరి పేరు పదేపదే వస్తుంది అన్నదే నా గొడవ.

"మరి ఇదంతా రిపోర్టులో లేదే?"

"రాసినాం మేడమ్. కొట్టేసినారు. ఫంక్షన్లో కంప్లయింట్లు బాగుండవంట."

1855లో ఫూలే దంపతుల బడిలో మూడేళ్ళు చదువుకున్న మాంగ్ కులం పిల్ల, ముక్తా సాల్వే, 14 ఏళ్ళ వయసులో మాంగ్, మహార్ల దుఃఖం గురించి వ్యాసం రాసింది. జ్ఞానోదయ పత్రిక దాన్ని అచ్చేసింది. ఎవరూ కొట్టేయలేదు. 170 ఏళ్ళ తర్వాత మన బళ్ళకు పిల్లలు లెక్కబెట్టిన గుడ్లు కంప్లయింట్ అయినాయి. విద్యాహక్కు చట్టం బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలంది, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళుండాలంది. ఆ మీటింగులో ఇట్లాంటి నోట్‌బుక్‌కు పది నిమిషాలు ఇవ్వడానికి ఏ జీవో కావాల?

మన సంఘాలకూ ఒక మాట. ఏప్రిల్ 14న హాస్టళ్ళకు పోయి పెన్నులు పంచుతాం, ఫొటో దిగుతాం, వస్తాం. నేనూ దిగినాను. అదీ సేవే. ఈసారి పోయినప్పుడు గోడ మీది డ్యూటీ లిస్టు చదవండి. విద్యార్థి మండలి పిల్లలతో టీచర్లు లేని చోట అరగంట కూర్చోండి.

నేను బయల్దేరేటప్పుడు ఆ పిల్ల గేటు దాకా వచ్చింది. పరీక్షలు కాగానే తను వెళ్ళిపోతుంది, నోట్‌బుక్ తొమ్మిదో తరగతి పిల్లకు అప్పజెప్పిందంట. దాంట్లో పేజీలు అయిపోవస్తున్నాయి.

"మేడమ్, ఇట్లాంటిదే పొడుగుది, గీతలున్నది ఒకటి పంపిస్తారా?"

శనివారం ప్రొద్దుటూరు పోయినప్పుడు నాలుగు కొన్నాను.