బావిగట్టు మీది ధైర్యానికి ఒక బడి కావాలి

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వార్డెన్ గారి కళ్ళుగప్పి పొలాల్లోని బావికి పోని పిల్లవాడు మా రోజుల్లో మన హాస్టల్లో ఉన్నాడంటే నేను నమ్మను. మనది మెట్ట ప్రాంతం. మనకు ఈత నేర్పింది బావే. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టుకుని మెట్ల దగ్గర కాళ్ళాడించడంతో మొదలై, వేసవి గడిచేసరికి గట్టు మీద నుంచి పల్టీలు కొట్టేదాకా వచ్చేవాళ్ళం.

ఒక ఏప్రిల్ నెలలో మా సీనియర్ అన్న ఒకాయన అలాగే గట్టెక్కి తలకిందులుగా దూకాడు. సంక్రాంతికి నిండుగా ఉన్న బావి అప్పటికి సగానికి దిగింది. నీళ్ళ కింద రాతి అంచు ఎంత పైకి వచ్చిందో ఆయనకు కనిపించలేదు. నుదురు పగిలింది. లుంగీ చించి కట్టుకట్టి నలుగురం మోసుకొచ్చాం. దేవుడి దయవల్ల బతికాడు, మచ్చ మిగిలింది. మర్నాటి నుంచి బావి వైపు పోవడం నిషేధం. దూకవద్దని అందరూ చెప్పారు. ఎలా దూకాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ చెప్పని పాఠం గురించే ఈ నాలుగు మాటలు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మనం బావిగట్టు మీద చేసిన అల్లరికి ఒలింపిక్స్‌లో పతకాలిస్తారు. దాని పేరు డైవింగ్. 1904 నుంచి అది ఒలింపిక్ క్రీడ. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి స్ప్రింగ్‌బోర్డు. కాలితో నొక్కితే వంగి, మనిషిని పైకి విసిరే పలక ఇది. నీటికి 1 మీటరు, 3 మీటర్ల ఎత్తుల్లో ఉంటుంది. రెండోది ప్లాట్‌ఫారం. ఇది కదలని గట్టు. 5, 7.5, 10 మీటర్ల ఎత్తుల్లో కడతారు. ఒలింపిక్స్‌లో 3 మీటర్ల స్ప్రింగ్‌బోర్డు, 10 మీటర్ల ప్లాట్‌ఫారం పోటీలే ఉంటాయి.

దూకడంలో ఆరు తరగతులు. ముందుకు, వెనక్కు, ముందుకు దూకి వెనక్కు తిరగడం, వెనక్కు దూకి లోపలికి తిరగడం, ఒళ్ళు మెలితిప్పడం, చేతుల మీద నిలబడి దూకడం. ఈ చివరిది ప్లాట్‌ఫారం మీదే చేస్తారు. గాలిలో ఒళ్ళు నిటారుగా ఉంచవచ్చు, నడుము దగ్గర వంచవచ్చు, మోకాళ్ళు పొట్టకు ముడుచుకోవచ్చు. ఏ డైవ్ చేయబోతున్నారో ముందే రాసివ్వాలి. చెప్పింది ఒకటి, చేసింది ఇంకొకటి అయితే మార్కులు సున్నా.

మార్కులు వేసే పద్ధతి కూడా చూడండి. ఏడుగురు జడ్జీలు సున్నా నుంచి పది దాకా వేస్తారు. ఎక్కువ వేసిన రెండు, తక్కువ వేసిన రెండు కొట్టేసి, మధ్య మూడింటిని కూడి, ఆ డైవ్ కష్టానికి పెట్టిన అంకెతో హెచ్చిస్తారు. మిగిలిన మూడు 7.5, 7.5, 8 అయి, కష్టం అంకె 2 అయితే 46 మార్కులు. ఒక జడ్జీ అభిమానం గానీ ద్వేషం గానీ ఫలితాన్ని మార్చకుండా ఇదొక ఏర్పాటు.

"ఈతకు మించిన లోతు లేదు" అని మన పెద్దల సామెత. అది ఈదేవాడికి సరిపోతుంది, దూకేవాడికి కాదు. 10 మీటర్ల నుంచి దూకినవాడు సెకనున్నర లోపే నీటిని తాకుతాడు. అప్పటి వేగం గంటకు సుమారు 50 కిలోమీటర్లు. అందుకే ఆ గట్టు కింద 5 మీటర్ల దాకా లోతు ఉంచుతారు. నీటి మట్టం స్పష్టంగా కనబడాలని పైన జల్లు కూడా కొడతారు. నేర్చుకునేవాడు ముందు బాగా ఈదాలి. తరువాత ఒడ్డు నుంచి, ఆ పైన 1 మీటరు నుంచి, అలా మెట్టు మెట్టుగా ఎక్కాలి. మొదట నేలమీదే, పరుపుల మీద పల్టీలు నేర్పుతారు. మరి మన పిల్లలు? పరిటాల వైపు క్వారీ గుంతల్లో, మునేటిలో ఇసుక తవ్విన గోతుల్లో లోతు తెలియకుండా దూకుతున్నారు.

ఇదంతా డబ్బున్నవాళ్ళ ఆట అని కొందరంటారు. ఆ మాటే నేను ఒప్పుకోను. అమెరికాలో కొరియా వలస దంపతుల కొడుకు శామ్మీ లీని పాసడీనా ఊరి ఈతకొలనులోకి వారానికి ఒక్కరోజే రానిచ్చేవారు. తెల్లవారు కానివారికి ఆ ఒక్కరోజే. అతను ఇసుక గుంటలో దూకి నేర్చుకున్నాడు. 1948లో, 1952లో 10 మీటర్ల ప్లాట్‌ఫారంలో ఒలింపిక్ స్వర్ణం గెలిచాడు. డాక్టరు కూడా అయ్యాడు. ఆ కథ మనకు కొత్తగా అనిపించదు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు దోసిట పట్టిన బాబాసాహెబ్ అంబేద్కర్ మనకు చెప్పిందీ అదే: ఊరి నీళ్ళు అందరివీ. చైనాలో పల్లెటూరి రైతు కూతురు చువాన్ హోంగ్చాన్ 14 ఏళ్ళకే, 2021లో, టోక్యోలో స్వర్ణం గెలిచింది. రెండు డైవ్‌లకు ఏడుగురు జడ్జీలూ పదికి పది వేశారు.

మన దేశం సంగతి? 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో కె.పి. ఠక్కర్ రెండు డైవింగ్ స్వర్ణాలు గెలిచాడు. ఆ తరువాత మనకు ఆసియా క్రీడల్లో డైవింగ్ స్వర్ణం లేదు. ధైర్యం లేక కాదు. ధైర్యం కావాలంటే మన బావిగట్ల మీదికి వచ్చి చూడమనండి. లేనిది లోతైన కొలను, నేర్పే గురువు.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. వాళ్ళు ఉత్త ధైర్యంతో ఎక్కలేదు. భువనగిరి బండ మీద తాళ్ళు కట్టుకుని పాఠం నేర్చుకుని ఎక్కారు. కొండకు దొరికిన గురువు నీటికి ఎందుకు దొరకడు?

కాబట్టి నా మనవి రెండు ముక్కలు. పూర్వ విద్యార్థులారా, వార్షికోత్సవానికి వచ్చి కుర్చీలు, ఫ్యాన్లు ఇస్తున్నాం, మంచిదే. ఈసారి ప్రతి వేసవిలో మన పిల్లలకు, ఆడపిల్లలతో సహా, ఒక ఈత గురువును ఏర్పాటు చేద్దాం. నియోజకవర్గానికి ఒక లోతైన కొలను కావాలని అందరం కలిసి అడుగుదాం. తమ్ముళ్ళూ, ఆ కొలను వచ్చేదాకా లోతు తెలియని నీళ్ళలో తలకిందులుగా దూకకండి. మీ తలలో చదువుంది. ఆ చదువు కోసం ఇంటి దగ్గర మీ అమ్మ కూలికి పోతూ ఎదురుచూస్తోంది.