వట్టివేరుకు కొత్త కొలువు

ఎండాకాలం వచ్చిందంటే కుండనీళ్లలో గుప్పెడు వట్టివేళ్లు వేయడం పల్లె ఇళ్లలో పాత అలవాటే. నీళ్లకు కమ్మని వాసన, ఒంటికి చలువ. కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి, నీళ్లు చల్లి, వడగాలిని చల్లబరచుకున్న ఇళ్లు ఒకప్పుడు హైదరాబాదులో ఎన్నో. ఆయుర్వేదంలో దీని పేరు ఉశీరం. జ్వరంలో దాహం తీరడానికి ఇచ్చే షడంగ పానీయంలో తుంగముస్తలు, చందనం, శొంఠి మొదలైన వాటితోపాటు ఇదీ పడుతుంది.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ తర్వాత చుట్టుపక్కల పల్లెలు పట్నంలో కలిసిపోయాయి. అద్దాల మేడలకు ఏ.సి. యంత్రాలున్నాయి, తడికలతో పనిలేదు. అయితే వాటి వెంట పెరిగిన కాలనీల మురుగు చెరువుల పాలైంది. అక్కడే వట్టివేరుకు మళ్లీ పని పడింది. రంగారెడ్డి జిల్లా మణికొండ పక్కనున్న నెక్నాంపూర్ చెరువులో 2018 ఫిబ్రవరి 2న, ప్రపంచ చిత్తడి నేలల దినం నాడు, 3,000 చదరపు అడుగుల మొక్కల తెప్పను ప్రారంభించారు. అడుగున వెదురు, దానిపై థర్మోకోల్ దిమ్మెలు, గోనె సంచులు, కంకర. వాటిలో వట్టివేరు, మెట్టతామర, జమ్ము, తులసి. నీళ్లలోకి దిగిన వేళ్లు మురుగులోని నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటాయి. వేళ్లను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు మిగతా మలినం పని పడతాయి.

ప్రయోగం మెచ్చదగిందే. కాని కాలువలో రోజూ మురుగు వచ్చి పడుతుంటే గడ్డి మాత్రం ఏం చేయగలదు? శుద్ధి చేశాకే నీటిని చెరువులోకి వదలాలి. భారమంతా వట్టివేరు మీద మోపి అధికారులు చేతులు దులుపుకోరాదు.

గ్రామస్థులు గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. ఈ గడ్డి సీసం వంటి విషలోహాలను కూడా లాగుతుంది. లాగినదాన్ని ఆకులకు పంపేది తక్కువ, వేళ్లలో దాచుకునేది ఎక్కువ. చెరువుకు మేలు చేసే ఈ గుణమే కుండకు కీడు. మురుగు చెరువుల్లో, ఫ్యాక్టరీ కాలువల గట్లపై పెరిగిన వేరు మందుకు పనికిరాదు, తాగేనీళ్లలో అసలే వేయరాదు. కట్టకట్టి అంగట్లో పెడితే ఏది పొలం వేరో, ఏది మురుగు వేరో పోల్చుకోవడం ఎవరి తరం? సీసానికి వాసన ఉండదు. అందువల్ల తెప్పల నుంచి తీసిన వేళ్లు బజారుకు చేరకుండా చూసే పూచీ వాటిని పెట్టించినవారిదే.

ఇంటి అవసరానికి పెరట్లో నాలుగు పిలకలు నాటుకుంటే చాలు, విత్తనంతో పనిలేదు. తొలకరిలో నాటితే ఏడాది, ఏడాదిన్నరకు వేరు తవ్వకానికి వస్తుంది. చలక నేలల్లో మట్టి కొట్టుకుపోకుండా పొలం గట్లపైనా వేసుకోవచ్చు. గట్టుమీది దాన్ని మాత్రం వేరు కోసం తవ్వరాదు. తవ్వితే గట్టే పోతుంది.